మోగి ఆగిన ఫోను

నా పీహెచ్‌డీ తెలుగు పత్రికల్లో స్త్రీలు రాసిన ఉత్తరాల మీద. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆడవాళ్లు సంపాదకులకీ, ఒకరికొకరికీ రాసుకున్న ఉత్తరాల కోసం ఐదేళ్లు గ్రంథాలయాల చుట్టూ తిరిగాను. పట్టుకుంటే పొడిగా రాలిపోయే కాయితాలని ఊపిరి బిగబట్టి తిప్పేదాన్ని. ఒక్క ఉత్తరం దొరికితే ఆ రోజంతా పండగే. ఆ ఐదేళ్లూ, అంతకు ముందు ఐదేళ్లూ కూడా, మా అమ్మ నాకు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక ఉత్తరం రాస్తూనే ఉంది. అది ఉత్తరమని నాకు తట్టలేదు. ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయేది. తెర మీద ఒక మిస్డ్ కాల్ అని పడేది. నేను చెరిపేసేదాన్ని.

ఎవరూ తలపెట్టకుండానే పుట్టుకొచ్చే కొత్త సాంకేతిక వాడకాన్ని, అది పుడుతున్నప్పుడే గుర్తుపట్టగలమా అన్న ప్రశ్న వ్యాపార శాస్త్రం చదివినవాళ్లు తరచుగా వేసుకుంటారు. వాళ్లకి లాభం లెక్క. నేను ఆ ప్రశ్నని సాహిత్య విమర్శ వైపు నుంచి వేసుకుంటున్నాను. పాత కాయితాల్లో స్త్రీల గొంతు వెతకడంలో శిక్షణ పొందిన నాలాంటిది, తన చేతిలోనే మోగుతున్న గొంతుని ఎందుకు వినలేకపోయింది?

2006లో నేను డిగ్రీ చదవడానికి గుంటూరులో హాస్టల్లో చేరాను. నాన్న కొత్త ఫోను కొనుక్కుని పాతది అమ్మకిచ్చాడు. అందులో లైఫ్‌టైమ్ సిమ్ వేయించాడు. 2005 చివర్లో వచ్చిన పథకం అది. ఒకసారి 999 రూపాయలు కడితే నెలనెలా రీచార్జి చెయ్యకపోయినా ఇన్‌కమింగ్ వస్తుంది. అంటే అమ్మ చేతికి వచ్చింది, పిలిస్తే పలకడానికి తప్ప తాను పిలవడానికి పనికిరాని ఫోను. ఆ రోజుల్లో ఎంతమంది ఇళ్లలో ఆడవాళ్లకి ఫోను ఇలాగే వచ్చిందో మీకు తెలుసు.

అమ్మ పాలకేంద్రంలో పాలు పోసి, గిన్నెలు కడుక్కుని, నాకు రింగిచ్చి కట్ చేసేది. నేను తిరిగి ఒక రింగిచ్చేదాన్ని. దీనికి ఇదీ అర్థం అని మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు. కొన్నాళ్లకి తెలిసిపోయింది. అమ్మ రింగిచ్చిందంటే ఇవాళ ఇంట్లో గొడవలేం లేవని. నేనిచ్చానంటే హాస్టల్‌కి చేరాను, తిన్నానని. రెండుసార్లు మోగితే నన్ను చెయ్యమని. అసలు మోగకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

రెండో ఏడు హాస్టల్లో స్నేహితురాళ్లు "మీ అమ్మ మిస్డ్ కాల్ వచ్చేసిందా, టైమెంత?" అని నవ్వడం మొదలుపెట్టారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఒకరోజు నేనే ఫోన్ చేసి "ఒక్క రూపాయి ఖర్చుపెట్టలేవా అమ్మా, ఏంటీ పిసినారితనం? మాట్లాడాలంటే చెయ్యి, లేకపోతే మానెయ్" అన్నాను. అమ్మ మానేసింది. మూడు వారాల తర్వాత సంక్రాంతికి ఇంటికి వెళ్తే కొట్టం ఖాళీగా ఉంది. నా ఫీజు కోసం గేదెని అమ్మేశారు. పాలడబ్బులు ఒక్కటే అమ్మ చేతికొచ్చే సొంత సంపాదన. చెప్పలేదేమని అడిగాను. "ఎట్టా చెప్పను? నువ్వే వద్దన్నావుగా" అంది. నాన్నా నాయనమ్మా వింటూండగా ఫోన్లో చెప్పుకునే సంగతి కాదది. అంతకు ముందైతే ఒక రాత్రి మోగకపోవడమే నాకు కబురయ్యేది. ఆ దారిని నేనే మూసేశాను.

ఇంతకీ మిస్డ్ కాల్ అంటే ఏమిటి? ఫోను కంపెనీ లెక్కలో కాల్ అనేది అవతలివాళ్లు ఎత్తిన క్షణం నుంచి మొదలవుతుంది. అంతకు ముందు జరిగేదంతా, అంటే ఆ నంబరు ఏ టవర్ కింద ఉందో వెతకడం, అక్కడికి కబురు పంపడం, అవతలి ఫోను మోగడం, దాని తెర మీద మన పేరు పడడం, ఇదంతా బిల్లుకెక్కని పని. వచ్చిన పేరుని తెర మీద చూపించే సదుపాయం, ఎత్తాలా వద్దా అని యజమాని నిర్ణయించుకోవడానికి పెట్టింది. మిస్డ్ కాల్ జాబితా, దగ్గర లేనప్పుడు ఎవరు చేశారో తెలుసుకోవడానికి పెట్టింది. ఈ మూడింటికీ మధ్య ఒక సన్నని సందు ఉందని వాటిని తయారుచేసినవాళ్లు ఊహించలేదు. డబ్బులేనివాళ్లు ఆ సందులోంచి నడిచి వెళ్లారు.

ఆ సందు విలువ తెలియాలంటే అప్పటి ధరలు గుర్తుచేసుకోవాలి. 1995లో మన దేశంలో సెల్‌ఫోను వచ్చినప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, వచ్చిన కాల్‌కి కూడా కట్టాలి. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. కానీ ఒక్క సెకను మాట్లాడినా నిమిషం మొత్తానికీ తీసుకునేవాళ్లు. సెకను లెక్కన తీసుకోవడం 2009 జూన్‌లో ఒక కంపెనీ మొదలుపెట్టాకే మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. "బయల్దేరాను" అన్న ఒక్క మాటకి నిమిషం డబ్బులు. ఆ ఒక్క మాటా డబ్బు లేకుండా చేరవేసేది మిస్డ్ కాల్.

దీన్ని ఆడవాళ్లే కనిపెట్టారని నేను అనను. ఆటోవాళ్లూ, తాపీమేస్త్రులూ, విద్యార్థులూ అందరూ వాడారు. ల్యాండ్‌లైన్ రోజుల్లోనే, ఊరు చేరాక ఎస్టీడీ బూత్ నుంచి రెండు రింగులిచ్చి పెట్టేసేవాళ్లుండేవారు. దీనికి కర్త లేడు. కాకపోతే ఇంట్లో అందరూ వింటూండగా మాట్లాడలేని మనిషికీ, చేతిలో రీచార్జి డబ్బులు లేని మనిషికీ, తెర మీది ఇంగ్లీషు చదవలేని మనిషికీ ఇది అవసరమైనంతగా మరొకరికి అవసరం కాలేదు. ఆ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఆ మనిషి చాలాసార్లు ఆడది. ఎస్సెమ్మెస్ చౌకే, కానీ దానికి అక్షరం కావాలి. అప్పటి మామూలు ఫోన్లలో తెలుగక్షరమే సరిగా ఉండేది కాదు. మిస్డ్ కాల్‌కి పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం, వాటి మధ్య ఒక లెక్క తెలిస్తే చాలు.

సాహిత్యం చదువుకున్నదాన్ని గనక ఇక్కడ నాకు ఆనందవర్ధనుడు గుర్తొస్తాడు. తొమ్మిదో శతాబ్దంలో ఆయన కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు. పైకి చెప్పిన మాటకి వెనక తోచే అర్థం ముఖ్యమనీ, దాన్ని అందుకోవడానికి సహృదయుడు కావాలనీ ఆ సిద్ధాంతం. మిస్డ్ కాల్‌లో పైకి చెప్పిన మాటే లేదు. ఉన్నదంతా తోచే అర్థమే. అదే ఒక రింగు అమ్మ ఇస్తే ఒకటి, నాన్న ఇస్తే మరొకటి. ఎనిమిదింటికి ఒకటి, అర్ధరాత్రి మరొకటి. పంపిన మనిషి బతుకు తెలిసినవాళ్లకే అది చదవడం వస్తుంది. ఈ పోలిక ఒకసారి అమ్మకి చెప్పాను. "డబ్బుల్లేక చేసిన పనికి అంత పేరెందుకే" అంది. ఆ మాట మర్చిపోకూడదు. లేమిలోంచి వచ్చిన తెలివిని మెచ్చుకుంటూ లేమినే అందంగా చూపించే ప్రమాదం నాలాంటి విమర్శకులకి ఎప్పుడూ ఉంటుంది.

మిస్డ్ కాల్‌ని నిజంగా పరిశోధనగా చూసినవాళ్లలో జొనాథన్ డానర్ ముఖ్యుడు. రువాండాలో తిరిగి 2007లో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ అలవాటుకి నియమాలున్నాయని చూపించింది. తిరిగి చెయ్యమని అడిగేవి, ముందే అర్థం అనుకున్నవి, ఊరికే నిన్ను తలుచుకుంటున్నానని చెప్పేవి అని మూడు రకాలుగా విడదీశాడు. డబ్బున్నవాళ్లే తిరిగి చెయ్యాలన్నది పెద్ద నియమం. ప్రేమిస్తున్న అమ్మాయికి మగవాడు మిస్డ్ కాల్ ఇవ్వడం మర్యాద కాదన్నది అందులోంచి వచ్చే చిన్న నియమం. ఈ వర్గీకరణ నాకెంతో ఉపయోగపడింది. అయినా ఒకచోట ఆగిపోయాను. ఎవరు ఎవరికి ఇవ్వచ్చు అన్న నియమంలో ఇల్లు, కులం, డబ్బు, మగతనం అన్నీ ఉన్నాయి. మా అమ్మ తన అత్తగారికి ఎన్నడూ మిస్డ్ కాల్ ఇవ్వలేదు. పాలకేంద్రం ఆయనకి అంతకన్నా ఇవ్వలేదు. తనకన్నా పైనున్నవాళ్లకి ఇస్తే అహంకారం, పరాయి మగాడికిస్తే అపార్థం. ఇవ్వగలిగింది నాకూ తన చెల్లెలికీ. ఆ రెండు నంబర్లే అమ్మ స్వేచ్ఛకి కొలత.

చరిత్రలో వెనక్కి వెళ్తే ఇలాంటిది ఇదే మొదటిసారి కాదని తెలుస్తుంది. అమెరికాలో టెలిఫోనుకి 1876లో పేటెంటు వచ్చింది. క్లాడ్ ఫిషర్ 1992లో రాసిన 'అమెరికా కాలింగ్' ఆ ఫోను సామాజిక చరిత్ర. ఆ పరిశ్రమ తొలి తరం మగవాళ్లలో చాలామంది టెలిగ్రాఫు నుంచి వచ్చినవాళ్లు. ఫోనంటే వాళ్ల దృష్టిలో వ్యాపారానికి, అత్యవసరానికి, మహా అయితే ఇల్లాలు దుకాణానికి సరుకులు పురమాయించడానికి. ఆడవాళ్లు మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ముఖ్యంగా ఇరుగుపొరుగు లేని పొలాల మధ్య బతికే రైతు కుటుంబాల ఆడవాళ్లకి ఫోనంటే అదే. 1909లో సియాటిల్‌లో ఒక టెలిఫోను మేనేజరు ఇళ్ల నుంచి వెళ్లే కాల్స్ కొన్ని విని లెక్క వేశాడు. అందులో 30 శాతాన్ని ఉత్త పనిలేని కబుర్ల పద్దు కింద రాశాడు. ఆ అనవసరపు వాడకాన్ని తగ్గించడమెలా అన్నది అతని బెంగ. మాట్లాడుకోవడానికే ఫోను చెయ్యండి అని ఆ పరిశ్రమ ప్రకటనలివ్వడానికి 1920ల చివరిదాకా పట్టింది.

ఆ మేనేజరుని నేను తరచుగా తలుచుకుంటాను. అతను కళ్లు మూసుకున్నవాడు కాదు. విన్నాడు, లెక్కపెట్టాడు, కాయితం మీద రాశాడు. ముందు ముందు ఫోనంటే ఏమవబోతోందో ఆ 30 శాతంలోనే ఉంది. దానికి అతను పెట్టిన పేరు కబుర్లు. నేను పెట్టిన పేరు పిసినారితనం. చూడకపోవడం కన్నా, చూసి చులకన పేరు పెట్టడం ఎక్కువ నష్టం చేస్తుంది. పేరు పెట్టేశాక ఇంక ఎవరూ తిరిగి చూడరు.

వాడకందార్లే ఆవిష్కర్తలు అన్న సిద్ధాంతం ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. ఎరిక్ వాన్ హిప్పెల్ 2005లో రాసిన 'డెమోక్రటైజింగ్ ఇన్నొవేషన్' దానికి ముఖ్య గ్రంథం. శస్త్రచికిత్స పరికరాలు మార్చుకున్న డాక్టర్లు, కొండల మీద తొక్కడానికి సైకిళ్లు మార్చుకున్న కుర్రాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసుకున్నవాళ్లు ఆయన ఉదాహరణలు. మంచి పుస్తకమే. కానీ ఆ ఆవిష్కర్తలకి చేతిలో పనిముట్టుంది, తీరికుంది, చేసింది చూపించుకునే చోటుంది. వాళ్ల సైకిలు కంటికి కనిపిస్తుంది. బ్యాలెన్స్ సున్నా ఉన్న ఆడమనిషి పరికరంలో ఏమీ మార్చలేదు. దాని అర్థాన్ని మార్చింది. అది ఏ పేటెంటు కాయితంలోనూ ఇమడదు. 1987లోనే రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి, సాంకేతికత చరిత్రని కొనేవాళ్లు, వాడేవాళ్లు నిలబడ్డ చోటు నుంచి చూడాలంది. అమెరికా ఇళ్లలోని పొయ్యిల చరిత్రతో ఆ మాటని నిరూపించింది కూడా. కర్మాగారం గుమ్మంలో కాక వంటింటి గుమ్మంలో నిలబడి రాయడం అది.

గుర్తింపు వచ్చేసరికి అది ఎవరికి వస్తుందో కూడా చూడండి. దక్షిణాఫ్రికాలో వొడాకామ్ కంపెనీ 2001లో 'ప్లీజ్ కాల్ మీ' అన్న సేవ మొదలుపెట్టింది. బ్యాలెన్స్ లేనివాళ్లు 'నాకు చెయ్యి' అని ఉచితంగా కబురు పంపే ఏర్పాటు. ఆ ఆలోచన తనదని కంపెనీలో పనిచేసిన న్కొసానా మకాటే ఏళ్ల తరబడి పోరాడాడు. 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అతని వైపు తీర్పిచ్చింది. పెద్ద కంపెనీ మీద చిన్న ఉద్యోగి గెలవడం నాకూ సంతోషమే. ఆ ఆలోచనకి మూలం వేరే ఊళ్లో చదువుకుంటున్న అతని స్నేహితురాలి దగ్గర ఫోను చెయ్యడానికి డబ్బు లేకపోవడం. కోర్టు కాయితాల్లో ఆమె ఒక సందర్భం మాత్రమే. మన దగ్గరా అంతే. 2010లో బెంగళూరులో పుట్టిన జిప్‌డయల్ అన్న కంపెనీ మిస్డ్ కాల్‌ని ప్రకటనల వ్యాపారంగా మార్చింది. 2015 జనవరిలో ట్విటర్ దాన్ని కొనేసింది. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసి పాటలూ ప్రకటనలూ వినిపించే పథకాన్ని హిందుస్థాన్ యూనిలీవర్ 2013లో బీహారు, జార్ఖండ్ పల్లెల్లో పెట్టింది. దానికి 2014లో కాన్ ప్రకటనల ఉత్సవంలో బంగారు బహుమతులొచ్చాయి. ఇంట్లో చేస్తే పిసినారితనం, సబ్బుల కంపెనీ చేస్తే సృజన.

మరో వైపు కూడా చెప్పుకోవాలి. ఇదే మిస్డ్ కాల్ ఆడవాళ్ల మీద ఆయుధం కూడా అయింది. ఏదో ఒక నంబరు నొక్కి, ఆడగొంతు తగిలేదాకా ప్రయత్నించే మగవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి దుకాణాల్లో ఆడవాళ్ల నంబర్లు అమ్ముతున్న సంగతి 2017లో పత్రికలకెక్కింది. మిస్డ్ కాల్ జాబితా మొగుడి చేతిలో సాక్ష్యమయ్యేది. "ఈ నంబరెవడిది?" అన్న ప్రశ్నకి సమాధానం చెప్పుకున్న ఆడవాళ్లు మన మధ్యే ఉన్నారు. సందు దొరికిందంటే అందులోంచి ఎవరైనా రావచ్చు.

మరి ఎవరూ తలపెట్టని కొత్తదనాన్ని జరుగుతుండగానే గుర్తుపట్టడం ఎలా? నాకు తెలిసిన ఆనవాలు ఒక్కటే. "ఇది అందుకోసం కాదు" అని ఎవరైనా విసుక్కుంటే, ఒక వాడకాన్ని కబుర్లనో, పిసినారితనమనో, చాదస్తమనో, చదువులేనితనమనో అంటుంటే, అక్కడ ఆగి చూడాలి. ప్రతి విసుగు వెనకా కొత్తదనం ఉంటుందని కాదు. ఉన్నచోట మాత్రం దాని చుట్టూ ఈ మాటలే వినపడతాయి.

తెలుగు సాహిత్యానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. తొలి తెలుగు కథ అంటే 1910 నాటి 'దిద్దుబాటు' అని చాలాకాలం చదువుకున్నాం. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ కథలు అచ్చయి ఉన్నాయి. ఎవరూ వాటిని దాచలేదు. ఆడవాళ్ల పత్రికలో, ఆడవాళ్లకి నీతి చెప్పే రాతల కింద లెక్కకట్టి పక్కన పెట్టారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చేదాకా తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు చెప్పింది చరిత్ర అనిపించుకోలేదు. ఈ తిరగరాతలు చదివి పెరిగిన తరం మాది. ఆలస్యంగా గుర్తించినవాళ్లని విమర్శించడం మాకు బాగా వచ్చు. మా కాలంలో మేమేం పక్కన పెడుతున్నామో చూసుకోవడం అంతగా రాదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి మాట ఉచితమైంది. మిస్డ్ కాల్ అవసరం తీరిపోయింది. ఇప్పుడు అమ్మ వీడియో కాల్ చేసి వంకాయలు కూడా చూపిస్తుంది. నేను చెరిపేసిన ఆ పదేళ్ల రింగులు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. పది ఇరవై కంటే ఎక్కువ దాచుకోలేని ఫోన్లవి.

ఈ మధ్య మా పిన్ని ఇంటికి వెళ్లాను. ఆవిడ కూతురు కులాంతర పెళ్లి చేసుకుంది. బాబాయి ఆ పిల్లతో మాట్లాడొద్దని ఒట్టు వేయించాడు. పిన్ని మాట్లాడదు. ఫోన్ చెయ్యదు, మెసేజ్ పెట్టదు, అడిగితే ఫోను చూపిస్తుంది. రోజూ పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫొటో పెడుతుంది. పొయ్యి మీద పులుసు, విచ్చిన మందారం, ఆరేసిన పాత పరికిణీ. "పిన్నికి ఈ వయసులో స్టేటస్‌ల పిచ్చేమిటో" అని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయి ఆగాను. మధ్యాహ్నం దాకా పిన్ని రెండుమూడు సార్లు ఫోను తీసి ఎవరెవరు చూశారో ఆ జాబితా చూసుకుంది. ఒక పేరు దగ్గర ఆగింది. ఫోను పక్కన పెట్టి, లేచి అన్నం తింది. ఇరవై నాలుగు గంటలకి ఆ ఫొటో దానంతటదే చెరిగిపోతుంది.

దీని గురించి రాయనా అని అడిగాను. గుర్తించడమంటే బయటపెట్టడం కూడా కదా. బాబాయి ఈ పత్రిక చదవడు గానీ, చదివినవాళ్లెవరైనా చెప్పచ్చు. పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. "రాయి. ఊరి పేరు రాయబాక. ఫొటోలు ఏం పెడతానో అవి మాత్రం మార్చి రాయి" అంది.

మార్చి రాశాను.